ఫీడర్ దగ్గర జే పిట్టల్ని ఫొటో తీయడం ఎలా?

నమస్తే. మేతకి వచ్చే పిట్టని ఫొటో తీయడంలో ఏముంది అనుకుంటాం. అది వస్తుంది, తింటుంది, మనం బటన్ నొక్కుతాం. తీరా చూసుకుంటే ఫ్రేమ్ నిండా ఫీడర్, అంటే గింజలు పెట్టే ప్లాస్టిక్ గొట్టం, దాని వెనకాల సగం పిట్ట. ఈ వీడియోలో ఆ గొట్టాన్ని ఫ్రేమ్‌లోంచి తప్పించే పని చూద్దాం. ఎక్కువగా జే పిట్టల గురించే మాట్లాడతాను. అవి కాకుల కుటుంబం. తెలివీ ఎక్కువే, అనుమానమూ ఎక్కువే.

ముందు కెమెరా పక్కన పెట్టేసి, కాసేపు ఊరికే చూడండి. మేతకి వచ్చే పిట్టల్లో చాలావరకు నేరుగా ఫీడర్ మీద వాలవు. దగ్గర్లో ఓ పొదలోనో కొమ్మ మీదో ఆగుతాయి. అటూ ఇటూ చూసి, గద్ద లేదని నమ్మకం కుదిరాకే దిగుతాయి. టిట్ లాంటి చిన్న పిట్ట ఒక్క గింజ నోట కరుచుకుని మళ్ళీ కొమ్మ మీదికే పోతుంది. దాన్ని కాళ్ళ మధ్య అదిమిపట్టి ముక్కుతో పొడుస్తుంది. మనకి కావలసిన ఫొటో అక్కడుంది, ఆ కొమ్మ మీద.

(స్క్రీన్ మీద: ఫీడర్, పక్కనే స్టాండుకి బిగించిన కొమ్మ)

ఆ కొమ్మని మనమే పెట్టొచ్చు. ఫీడర్‌కి అడుగు, అడుగున్నర దూరంలో ఇలా బిగించండి. నాచు పట్టిన కొమ్మయితే మరీ అందం. చిన్న పిట్టలకి పెన్సిలంత లావు చాలు, అంతకంటే లావైతే కాళ్ళు కనపడవు. జేకి బొటనవేలంత ఉండాలి. చుట్టుపక్కల వాలడానికి వేరే చోట్లుంటే మీ కొమ్మని ఎవరూ పట్టించుకోరు, కాబట్టి ఫీడర్‌కి దగ్గరగా వేరే ఊతం ఏదీ లేకుండా చూసుకోండి.

కొమ్మ వెనకాల కనీసం ఐదారు మీటర్ల వరకు ఏమీ ఉండకూడదు. అప్పుడే బ్యాక్‌గ్రౌండ్ మెత్తగా కరిగిపోతుంది. కెమెరా ఎత్తు పిట్ట కంటికి సమానంగా పెట్టి, ఖాళీ కొమ్మని ఓసారి తీసి చూసుకోండి. తెల్లటి గోడ ముక్క, ఆకుల మధ్య మెరిసే ఆకాశం, అన్నీ ఇప్పుడే బయటపడతాయి.

ఇప్పుడు దూరం సంగతి. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాకి 400 ఎంఎం లెన్స్ పెట్టి 5 మీటర్ల దూరం నుంచి చూస్తే, ఫ్రేమ్ వెడల్పులో పట్టేది దాదాపు 45 సెంటీమీటర్లు. యూరప్, ఆసియాల్లో ఉండే యురేషియన్ జే పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. అంటే ఫ్రేమ్ దాదాపు నిండిపోయింది, రెక్క విప్పితే బయటికి పోతుంది. అదే చోట 12 సెంటీమీటర్ల బ్లూ టిట్ వాలితే ఫ్రేమ్‌లో పావు వంతు. ఏపీఎస్‌సీ, అంటే అంతకంటే చిన్న సెన్సరైతే పట్టేది 30 సెంటీమీటర్లే, జే అసలు ఇమడదు. అందుకే ముందే తేల్చుకోండి, ఇవాళ ఏ పిట్ట కోసం కూర్చుంటున్నామో. రెండూ కావాలంటే జూమ్ లెన్స్ తప్పదు.

జేతో అసలు చిక్కు అది నిలవకపోవడం. గొంతు సంచీలో నింపుకుంటుంది, ఎగిరిపోతుంది, ఎక్కడో దాచి మళ్ళీ వస్తుంది. కాబట్టి దాన్ని ఆలోచనలో పడేసే మేత పెట్టాలి. ఒలవని వేరుశనగ కాయలు పెట్టండి, ఉప్పు లేనివి. ఉత్తర అమెరికాలో ఉండే బ్లూ జేని గమనించండి. ఒక కాయ ఎత్తుతుంది, వదిలేస్తుంది, ఇంకోటి ఎత్తుతుంది. బరువు చూసి ఎంచుకుంటోందన్నమాట. కాయ నోట పట్టుకుని తలెత్తే ఆ అర సెకను మీది.

మేత ఫొటోలో కనపడకూడదంటే, ఓ చెక్క మొద్దుకి వెనక వైపు గుంట తొలిచి అందులో పెట్టండి. లెన్స్‌కి మొద్దు మాత్రమే కనిపిస్తుంది. గూళ్ళు కట్టే కాలంలో మాత్రం కాయలు విడిగా వెయ్యకండి, పిట్ట పిల్లల గొంతులో అడ్డం పడొచ్చు. జాలీ ఫీడర్‌లో పెడితే ముక్కలుగా పొడుచుకుంటాయి. బూజు వాసన వచ్చిన కాయలు ఎప్పుడూ వద్దు, వాటిలో అఫ్లాటాక్సిన్ విషం ఉండొచ్చు.

(స్క్రీన్ మీద: ఒకే ఈక, రెండు వెలుగుల్లో)

ఈ నీలం ఈకని చూడండి. వెలుగు ముందు నుంచి పడితే నీలం, వెనక నుంచి పడితే మట్టి రంగు. ఎందుకంటే ఇందులో నీలం రంగు పదార్థం లేదు. ఈక లోపలి సన్నని నిర్మాణం వెలుగుని చెదరగొట్టడం వల్లే మనకి నీలం కనిపిస్తుంది. కాబట్టి జే కోసం సూర్యుణ్ణి మీ వీపు వెనక ఉంచుకోండి. పల్చటి మబ్బు ఉంటే ఇంకా మంచిది, తెల్లటి గొంతు దగ్గర వివరం పోకుండా ఉంటుంది. ఎండలో అయితే ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి వచ్చే వెలుగు, కొంచెం తగ్గించండి.

సెట్టింగ్స్‌కి పెద్ద కథ లేదు. కూర్చున్న పిట్టకి షటర్ సెకనులో 500వ వంతు, వాలేటప్పుడు 2000వ వంతు లేదా ఇంకా వేగం. అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) ఎఫ్ 5.6 నుంచి 8, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే మేర) ఆటో. ఫోకస్ కంటి మీద. ఫొటోలో నాయిస్, అంటే గరుకు చుక్కలు, వస్తుందని టెన్షన్ పడొద్దు, కదిలిన ఫొటోని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా బాగుచెయ్యలేదు.

సైలెంట్ షటర్ ఉంటే వాడండి. జే తల మీద ఈకలు ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయంటే అది దేనికో ఉలిక్కిపడిందని. అప్పుడు చేతులు కదపకండి. ఉన్నట్టుండి గద్ద కూత వినపడి పిట్టలన్నీ చెల్లాచెదురైతే వెంటనే సామాను సర్దేయకండి కూడా. బ్లూ జే గద్ద కూతని అచ్చుగుద్దినట్టు కూస్తుంది. కాసేపట్లో ఖాళీ ఫీడర్ మీద అదే దర్జాగా దిగొచ్చు.

కిటికీ లోంచి తీసేవాళ్ళు లెన్స్ హుడ్‌ని (లెన్స్ ముందుండే తొడుగుని) అద్దానికి ఆనించి, లెన్స్ పక్కకి వాలకుండా అద్దానికి తిన్నగా పట్టుకోండి. ఫీడర్ అద్దానికి మీటరు లోపైనా ఉండాలి, లేదా పది మీటర్లు దాటైనా ఉండాలి. మధ్యలో పెడితే పిట్టలు వేగం అందుకుని అద్దానికి గుద్దుకుంటాయి.

ఇంకొకటి, ఇది మాత్రం బద్ధకించొద్దు. ఫీడర్‌ని తరచూ కడిగి, ఎండబెట్టి పెట్టండి. బ్రిటన్‌లో 2006 నుంచి గ్రీన్‌ఫించ్ అనే చిన్న పిట్టలు దారుణంగా తగ్గిపోవడానికి ప్రధాన కారణం ట్రైకోమోనోసిస్ అనే జబ్బు. పిట్టలు గుమిగూడే చోట అది తేలిగ్గా అంటుకుంటుంది. ఈకలు ఉబ్బించుకుని, మనిషి వచ్చినా కదలని పిట్ట కనపడితే రెండు వారాలు మేత ఆపేయండి. ఫొటోలు ఎక్కడికీ పోవు.

చివరగా ఫొటోలు ఏరుకోవడం. ముందు కన్ను చూడండి. పిట్టలకి మూడో రెప్ప ఉంటుంది, అది పడిన క్షణంలో కన్ను పాలిపోయినట్టు వస్తుంది. వాటిని తీసేయండి. తర్వాత కంట్లో వెలుగు చుక్క లేనివి, తల మనకి అటువైపు తిప్పినవి. మిగిలినవాటిలో పాదం కొమ్మని పట్టుకున్న తీరు స్పష్టంగా కనపడేవి పక్కన పెట్టుకుని, ఎడిటింగ్ వాటితోనే మొదలుపెట్టండి.