ఎలిమెంటరీ స్కూల్ కోసం ఇల్లు వెతుకుతున్నవాళ్లకి

నమస్కారం అండి, అందరూ బావున్నారా. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఇక్కడ డాలస్ ఉత్తరం వైపు ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్, ఇర్వింగ్ లో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది, మా పాపకి సెప్టెంబర్ ఒకటికల్లా ఐదేళ్లు నిండుతాయి, ఏ ఎలిమెంటరీ మంచిది, పదికి పది ఉన్నది చెప్పండి అని. వెంటనే నాలుగు స్కూళ్ల పేర్లు వచ్చి పడతాయి, ఆ పేర్లు పట్టుకుని శనివారం ఇళ్లు చూడ్డానికి బయల్దేరతారు, ఆ స్కూల్ జోన్ లో, అంటే ఆ స్కూల్ కి కేటాయించిన అడ్రస్‌ల హద్దులో, ఇల్లు దొరికిందంటే తాహతుకి మించినా సరే సంతకం పెట్టేస్తారు. ఆ ఒక్క అంకె చూసి ఇంత పెద్ద అప్పు నెత్తిన పెట్టుకోవద్దని చెప్పడానికే ఈ రోజు మీ ముందుకొచ్చాను. పిల్లల్ని ఇక్కడే పబ్లిక్ స్కూల్ లో చదివించి, వాళ్ల స్కూల్ లైబ్రరీలో వాలంటీర్ గా పనిచేసి చూసిన దాన్ని బట్టి మాట్లాడుతున్నాను.

ముందు ఆ అంకె ఎక్కడ్నుంచి వస్తోందో చూద్దాం. జిల్లో, రెడ్‌ఫిన్ లాంటి ఇళ్ల వెబ్‌సైట్లలో ఇల్లు చూస్తున్నప్పుడు స్కూల్ పేరు పక్కన ఒకటి నుంచి పది దాకా కనపడే రేటింగ్, గ్రేట్‌స్కూల్స్ అని ఒక నాన్ ప్రాఫిట్ సంస్థ ఇచ్చేది. వాళ్లెవరో వచ్చి క్లాసుల్లో కూర్చుని పాఠం విని ఇచ్చిన మార్కు కాదండి అది, ఎక్కువ భాగం రాష్ట్రం పెట్టే పరీక్షల ఫలితాల మీద లెక్కగట్టినది. మన టెక్సస్ లో ఆ పరీక్ష పేరు స్టార్, అది మొదలయ్యేదే థర్డ్ గ్రేడ్ లో. ఫ్రిస్కోలో ఎలిమెంటరీ అంటే కిండర్ (ఐదేళ్ల పిల్లల క్లాసు) నుంచి ఫిఫ్త్ దాకా, అందులో మూడు, నాలుగు, ఐదు తరగతులవాళ్లు రీడింగ్, మాథ్స్ రాస్తారు, ఫిఫ్త్ వాళ్లు సైన్స్ కూడా. అంటే ఆగస్టులో మీ పాప బ్యాగ్ తగిలించుకుని వెళ్లి కూర్చునే కిండర్ క్లాసు, అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్పే ఫస్ట్ గ్రేడ్ టీచరు, సెకండ్ గ్రేడ్, వీటిల్లో ఏ ఒక్కదానికీ అక్కడ పరీక్ష లేదు, మార్కూ లేదు. మీకు మొదటి మూడేళ్లు కావాల్సింది వాళ్లే కదా మరి.

ఇంకో సంగతి, మూడో తరగతి పిల్లాడు తెచ్చుకున్న మార్కుల్లో స్కూల్ వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అని ఎప్పుడైనా ఆలోచించారా. అమ్మానాన్న ఇద్దరూ సాఫ్ట్‌వేర్ లో, ఇంటినిండా పుస్తకాలు, నాలుగో ఏట కుమాన్ ట్యూషన్, ఆరో ఏట మాథ్ ఒలింపియాడ్ కోచింగ్, అలాంటి పిల్లలే క్లాసుకి ముప్పాతిక మంది ఉంటే ఆ స్కూల్ కి పదికి పది రావడానికి స్కూల్ పెద్దగా కష్టపడక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో షాన్ రియర్డన్ అనే ప్రొఫెసర్ దేశం మొత్తం మీద స్కూల్ డిస్ట్రిక్టుల, అంటే ఒక్కో ప్రాంతంలో పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థల, మార్కులన్నీ ఒకచోట పోగేసి చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. ఆయనకి తేలిందేంటంటే సగటు మార్కులు అక్కడి కుటుంబాల ఆదాయంతో, చదువుతో గట్టిగా ముడిపడి ఉన్నాయి, కానీ పిల్లలు ఏడాదికేడాది ఎంత ముందుకెళ్తున్నారు అనేదానికి ఆదాయంతో అంత ముడి లేదు. షికాగో పబ్లిక్ స్కూల్స్ అంటే మనవాళ్లు మొహం తిప్పుకుంటారు కదా, అదే షికాగోలో 2009 నుంచి 2014 మధ్య పిల్లలు థర్డ్ గ్రేడ్ నుంచి ఎయిత్ గ్రేడ్ కి వచ్చేసరికి ఐదేళ్లలో ఆరేళ్ల చదువు నేర్చుకున్నారని ఆయన లెక్క తేల్చారు. మార్కులు తక్కువ, నేర్పడం మాత్రం గొప్పగా ఉంది. ఇది తెలిశాక స్కూల్ ని చూసే పద్ధతే మారాలి అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మరి ఆ ఎదుగుదల మనకెలా తెలుస్తుంది అంటారా, టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ వాళ్లు ప్రతి స్కూల్ కీ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తారు, టీఎక్స్ స్కూల్స్ డాట్ గవ్ లో స్కూల్ పేరు కొడితే వస్తుంది. పైన కనపడే ఒక్క అక్షరం చూసి మూసేయకండి, కిందకి వెళ్లండి. అక్కడ మూడు భాగాలుంటాయి, పిల్లల మార్కులు ఒకటి, స్కూల్ ప్రోగ్రెస్ ఒకటి, గ్రూపుల మధ్య తేడాలు ఎంత తగ్గిస్తున్నారో చెప్పేది ఇంకొకటి. మొత్తం గ్రేడ్ లెక్కేసేటప్పుడు మార్కులు, ప్రోగ్రెస్ రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్నే తీసుకుని దానికి నూటికి డెబ్బై బరువు ఇస్తారు. అందువల్ల బాగా డబ్బున్న ఏరియాలో మార్కులకి ఏ వచ్చి ప్రోగ్రెస్ కి సీ వచ్చినా పైన మాత్రం ఏ అనే కనపడే అవకాశం ఉంది. ఆ ప్రోగ్రెస్ అన్న భాగంలోనే, దాదాపు ఇలాంటి ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలున్న వేరే స్కూళ్లతో పోలిస్తే ఇది ఎలా ఉంది అనేది కూడా ఉంటుంది. నా దృష్టిలో మొత్తం పేజీలో పనికొచ్చేది అదే.

డబ్బున్న ఏరియా స్కూళ్లు మంచివి కాదని నేను అనట్లేదండి, పీటీఏ, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సంఘం, బలంగా ఉంటుంది, లైబ్రరీ, ఆర్ట్ రూమ్ చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అదే చోట సెకండ్ గ్రేడ్ పిల్లలు నువ్వు కుమాన్ లో ఏ లెవెల్, నీకు జీటీ (చురుకైన పిల్లలకి పెట్టే ప్రత్యేక క్లాసు) వచ్చిందా అని ఒకర్నొకరు అడగడం నేను లైబ్రరీలో నా చెవులతో విన్నాను, ఏడేళ్ల పిల్లలండీ. కొంతమంది పిల్లలు ఆ పోటీలో చక్కగా ఎదుగుతారు, కొంతమంది నాకేం రాదు అని అప్పుడే ముడుచుకుపోతారు. మీ పిల్ల ఎలాంటిదో మీకు తప్ప ఏ వెబ్‌సైట్ కీ తెలీదు. అలాగే టైటిల్ వన్ స్కూల్ అని వినగానే పేరు కొట్టేయొద్దు. టైటిల్ వన్ అంటే ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూళ్లకి 1965 చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అదనపు డబ్బు, దాంతో రీడింగ్ లో వెనకబడ్డ పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి చెప్పే టీచర్లని పెట్టుకుంటారు.

ఇప్పుడు అడ్రస్ సంగతి. ఊరి పేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ పేరు ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. ఫ్రిస్కో అడ్రస్ ఉన్న ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీ, అంటే ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ లో ఉండొచ్చు, ప్రాస్పర్ లో, లూయిస్‌విల్ లో, లిటిల్ ఎల్మ్ లో ఉండొచ్చు. అటు ఇర్వింగ్ లో మనవాళ్లు బోలెడంత మంది ఉండే వ్యాలీ రాంచ్ పిల్లలు చాలావరకు కొప్పెల్ ఐఎస్‌డీ కి వెళ్తారు. రియల్టర్ చెప్పాడనో లిస్టింగ్ లో ఉందనో నమ్మకుండా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ లో డోర్ నంబర్ తో సహా కొట్టి చూస్కోండి. ఇంకోటి, ఇల్లు కొంటేనే ఆ స్కూల్ అని ఎక్కడా లేదు, ఆ జోన్ లో అపార్ట్‌మెంట్ లీజు కాయితం, కరెంటు బిల్లు చూపిస్తే మిలియన్ డాలర్ల ఇంట్లో పిల్లాడూ మీ పిల్లాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకి నేనెప్పుడూ ఇదే చెప్తాను, ముందు ఏడాది రెండేళ్లు అద్దెకుండి చూడండి అని. వీసా గురించి భయపడేవాళ్లూ ఉంటారు, 1982 లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, అది మన టెక్సస్ లోని టైలర్ ఊరి కేసే, ఇమిగ్రేషన్ స్టేటస్ బట్టి పబ్లిక్ స్కూల్ లో చేర్చుకోం అనడానికి లేదు.

పైగా ఇవాళ ఉన్న జోన్ ఐదేళ్లూ అలాగే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ప్లేనో ఐఎస్‌డీ బోర్డు 2024 లో ఓటేసి రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్లు మూసేయాలని తీర్మానించింది, 2024-25 చదువు సంవత్సరంతో అవి ఆగిపోయాయి. ఏళ్ల తరబడి కొత్త స్కూళ్లు కట్టుకుంటూ పోయిన ఫ్రిస్కో కూడా స్టేలీ మిడిల్ స్కూల్ ని అప్పుడే మూసేసింది. పిల్లలు తగ్గిపోయారండి. పుట్టేవాళ్లు తగ్గారు, ఇళ్ల రేట్లు పెరిగిపోయి చిన్న పిల్లలున్న కుటుంబాలు సెలైనా, ప్రాస్పర్ అంటూ ఇంకా ఉత్తరానికి వెళ్లిపోతున్నాయి. అందుకని స్కూల్ ఒక్కటీ చూసి ఇల్లు కొనడం అంటే రేపు మారిపోయే గీత మీద గోడ కట్టుకోవడమే.

సరే, మరి స్కూల్ కి వెళ్లి ఏం చూడాలి. వసంతంలో కొత్తగా చేరేవాళ్ల కోసం కిండర్ రౌండప్ అని పెడతారు, తప్పకుండా వెళ్లండి, ఐడీ పట్టుకెళ్లండి గేటు దగ్గర స్కాన్ చేస్తారు. గోడల మీద పిల్లలు వేసిన బొమ్మలు, రాసిన కాయితాలు చూడండి, పాతికా ఒకేలా ఉంటే టీచర్ చేయించినవి, ఒక్కోటి ఒక్కోలా, వంకరటింకరగా, స్పెల్లింగ్ తప్పులతో ఉంటే పిల్లలు సొంతంగా చేసినవి, నాకు ఆ రెండో స్కూలే నచ్చుతుంది. టెక్సస్ చట్టం ప్రకారం ఫోర్త్ గ్రేడ్ దాకా క్లాసుకి 22 మంది దాటకూడదు, కానీ స్కూళ్లు మినహాయింపు అడిగి తెచ్చుకోవచ్చు, మీకు ఏయే గ్రేడ్ కి మినహాయింపు ఉంది అని సూటిగా అడగండి, ఏం అనుకోరు. పోయినేడాది ఎంతమంది టీచర్లు మానేశారు అని అడగండి, ప్రిన్సిపాల్ ఎన్నాళ్ల నుంచి ఉన్నారు అని అడగండి. పిల్లాడికి అక్టోబర్ కి కూడా చదవడం రాకపోతే ఏం చేస్తారు అని అడిగితే, ఫలానా టీచరు వారానికి ఇన్నిసార్లు తీసుకెళ్లి కూర్చోబెట్టుకుంటారు అని చెప్పే స్కూల్ వేరు, మాకు అలాంటి సమస్య రాదండీ అని నవ్వేసే స్కూల్ వేరు. రిసెస్, అంటే ఆటల విరామం, ఎంతసేపు అనేది కూడా కనుక్కోండి, ఐదేళ్ల పిల్లకి అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయానికొస్తాను. రిజిస్ట్రేషన్ లో హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక ఫారం ఉంటుంది, ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్ల ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది అని. మన ఇళ్లల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగే, అమ్మమ్మో నానమ్మో వచ్చి ఆర్నెల్లుంటే ఇంకా చక్కటి తెలుగు, కానీ ఆ ఫారంలో మాత్రం ఇంగ్లిష్ అని రాసేస్తారు. ఎందుకంటే తెలుగు అని రాస్తే టెస్ట్ పెడతారు, ఈఎస్ఎల్ లో, అంటే ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్ల క్లాసులో, వేస్తారు, పిల్ల వెనకబడిందని ముద్ర పడుతుంది అని ఎవరో చెప్పారు. ముద్ర కాదండీ అది. తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ ఎంత వచ్చో చూస్తారు, బాగా వచ్చని తేలితే అక్కడితో అయిపోయింది. రాదని తేలితే సాయం ఇస్తారు, అది కూడా మీరు ఒప్పుకుంటేనే, వద్దంటే వద్దు, అయితే ఏటా ఇంగ్లిష్ ఎంత వచ్చిందో చూసే టెల్పాస్ అనే పరీక్ష మాత్రం రాయాలి. భాష వచ్చేశాక ఆ జాబితాలోంచి తీసేస్తారు. 1974 లో లౌ వర్సెస్ నికల్స్ అని శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ పిల్లల తరఫున వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పబట్టి వచ్చిన హక్కు అది, అర్థం కాని భాషలో పాఠం చెప్పి అందరికీ సమానంగా చెప్పాం అంటే కుదరదు అని. ఆ తల్లిదండ్రులు కోర్టుకెళ్లి తెచ్చిపెట్టిన దాన్ని మనం ఒక్క అబద్ధంతో వదిలేసుకుంటున్నాం.

ఇంకో మాట వినండి, ఇది చాలామందికి తెలీదు. టెక్సస్ లో సెప్టెంబర్ ఒకటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లిష్ మాట్లాడ్డం అర్థం చేసుకోవడం రాని పిల్లలకి పబ్లిక్ స్కూల్ లో ప్రీకే, అంటే కిండర్ కి ముందు క్లాసు, ఉచితం, మీ జీతం ఎంతైనా సరే. 2019 చట్టం తర్వాత అది ఫుల్ డే అయింది. డేకేర్ కి నెలనెలా ఎంత కడుతున్నారో మీకు తెలుసు కదా. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం అన్న నిజం చెప్పడమే దానికి మొదటి మెట్టు.

అలాగే మాట ఆలస్యమైన పిల్లలు, ఒకచోట కూర్చోలేని పిల్లలు ఉన్న ఇళ్లల్లో అదే సర్దుకుంటుంది, వాళ్ల నాన్నకీ ఐదేళ్లకి గానీ మాటలు రాలేదు అని పెద్దవాళ్లు అంటారు, సర్దుకోవచ్చు కూడా, కానీ 1975 లో వచ్చిన ఫెడరల్ చట్టం కింద స్కూల్ డిస్ట్రిక్టే ఉచితంగా పరీక్షించి చూడాలి, మూడేళ్ల వయసు నుంచే, పిల్లాడు ఇంకా స్కూల్ లో చేరకపోయినా సరే. ఒక్క ఈమెయిల్ రాసి అడగండి, రాతలో అడగడం ముఖ్యం. స్కూల్ చూడ్డానికి వెళ్లినప్పుడు స్పీచ్ థెరపిస్ట్ వారంలో ఎన్ని రోజులు అక్కడ ఉంటారో కూడా కనుక్కోండి, ఆ పిల్లల తల్లిదండ్రులకి పదికి పది కంటే అదే పెద్ద విషయం.

చివరగా ఇండియా ప్రయాణాల గురించి. టెక్సస్ లో స్కూల్ కి డబ్బు రోజూ వచ్చే పిల్లల సగటు హాజరు మీద వస్తుంది, అందుకని సంక్రాంతికి కలిపి నెలన్నర వెళ్తాం అంటే ఆఫీసులో వాళ్ల మొహం మారుతుంది. 90 శాతం హాజరు ఉండాలన్న రూలుంది, మరీ ఎక్కువ రోజులు మానేస్తే పేరు తీసేసి తిరిగొచ్చాక మళ్లీ రిజిస్టర్ చేయమంటారు, ఈలోగా ఆ గ్రేడ్ నిండిపోతే పక్క స్కూల్ కి పంపే అవకాశమూ ఉంది. టికెట్లు బుక్ చేసేముందు ఆఫీసులో మాట్లాడండి. పండగలకి మాత్రం మొహమాట పడక్కర్లేదు, మతపరమైన పండగ రోజు మానితే దాన్ని ఎక్స్‌క్యూజ్డ్ గా రాసుకోవాలని రాష్ట్ర చట్టంలోనే ఉంది, దీపావళికైనా ఉగాదికైనా ముందే అటెండెన్స్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టండి. ఉంటానండి, నమస్కారం.