కథోలిక పాఠశాల ఎవరి కోసం?

గౌరవనీయులైన గురువులకు, సిస్టర్లకు, తోటి ఉపాధ్యాయులకు, ఈ సభకు వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

వేసవి సెలవులు ముగిసి చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో బడులు మళ్లీ తెరవబోతున్న సమయంలో మనం ఇక్కడ కలుసుకున్నాం. ఈ ఊళ్లలో ఏ కూడలిలో చూసినా పదో తరగతి మార్కుల ఫ్లెక్సీలే కనిపిస్తున్నాయి, వాటిలో మన బడులవీ ఉన్నాయి. పిల్లలు కష్టపడి చదివి మంచి మార్కులు తెచ్చుకుంటే సంతోషించవలసిందే. కానీ మన బడులను పెట్టినవారు ఏ ఉద్దేశంతో పెట్టారో ఆ ఫ్లెక్సీలు చెప్పవు. ఈ రోజు నేను మాట్లాడదలచింది ఆ ఉద్దేశం గురించే.

ప్రపంచంలోని కథోలిక బిషప్పులు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న క్రైస్తవ విద్యపై ఒక ప్రకటన వెలువరించింది. పిల్లలకు తొలి గురువులు తల్లిదండ్రులేనని, బడి వారికి తోడ్పడాలే తప్ప వారి స్థానాన్ని ఆక్రమించకూడదని అందులో ఉంది. శరీరం, బుద్ధి, నైతికశక్తి ఒకదానితో ఒకటి పొందికగా ఎదిగి, స్వేచ్ఛను బాధ్యతతో వాడుకోగల మనిషిని తయారుచేయడమే విద్య అని ఉంది. ఇవి మనం తరచుగా చెప్పుకునే మాటలే. అంతగా చెప్పుకోని మాట ఒకటి అదే ప్రకటనలో ఉంది: డబ్బు లేని పిల్లలను, కుటుంబ ఆదరణకు నోచుకోని పిల్లలను, క్రైస్తవ విశ్వాసం తెలియని పిల్లలను కథోలిక పాఠశాల ప్రత్యేకంగా పట్టించుకోవాలి. శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం, మన చేతికిచ్చిన అడ్మిషన్ల రిజిస్టరులో మొదటి పేజీ వీరిదే అని నేను నమ్ముతాను.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఒక విషయం గుర్తుచేయాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1896 నుంచి 1900 వరకు తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకున్నారు. అది కథోలిక బడి కాదు, అయినా మనకు పాఠం అక్కడే ఉంది. క్రైస్తవ సంస్థలు తనకు చదువు చెప్పాయని ఆయన దాచలేదు. అక్కడ హిందూ మతాన్ని విమర్శించిన తీరు తన మనసును నొప్పించిందని, ఆ నొప్పే తనను వేదాంత అధ్యయనం వైపు నడిపించిందని కూడా చెప్పారు. వేంకటేశ్వరస్వామి కొండ కింద ఉన్న ఊరిలో, తరగతిలో ఎక్కువమంది హిందూ, ముస్లిం పిల్లలే ఉండే బడులలో పనిచేసే మనం ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లవాడినీ మతబోధలో కూర్చోబెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఆ అధికరణం లేకపోయినా మనం అలాగే నడుచుకోవాలి, ఎందుకంటే బలవంతంగా తెప్పించిన విశ్వాసం విశ్వాసం కాదని శ్రీసభే బోధిస్తోంది. కథోలిక పిల్లలకు సత్యోపదేశం, అంటే మన విశ్వాస బోధ, నిష్ఠగా చెప్పాలి. మిగిలినవారికి వారి ఇంటి దేవుణ్ణి కించపరచని చదువు చెప్పాలి.

ఇక నైతిక శిక్షణ మాట. వారానికి ఒక మోరల్ సైన్స్ పీరియడు పెట్టి, పుస్తకంలోని కథ చదివించి, పరీక్షలో దానికి మార్కులు వేస్తే ఆ పని అయిపోయిందని అనుకుంటున్నాం. పిల్లలు నీతిని నేర్చుకునేది ఆ పీరియడులో కాదు, జూన్ నెలలో ఫీజు అడిగేటప్పుడు. మన జిల్లాలో తోతాపురి మామిడి కోతకు వచ్చేది జూన్, జూలై నెలల్లో. గుజ్జు ఫ్యాక్టరీలో తూకం వేయించి డబ్బు చేతికి వచ్చేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. 2025లో ఆ కాయ ధర పడిపోయినప్పుడు ఎన్ని ఇళ్లలో ఫీజు ఆగిపోయిందో తరగతి ఉపాధ్యాయులకు తెలుసు. అలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లను, ఉదయం ప్రార్థన కాగానే, ఫీజు బాకీ ఉన్నవారి జాబితాలో పేరు చదివి లేపి నిలబెట్టిన సందర్భాన్ని నేను చూశాను. ఆ పిల్ల నోటుపుస్తకం అట్ట మూలను వేలితో మడుస్తూ, విప్పుతూ నిలబడింది. మిగిలిన నలభై మందీ ఆమెను చూస్తున్నారు. రెండో పీరియడులో వారికి, దెబ్బలు తిని దారిలో పడి ఉన్న అపరిచితుణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథ చెప్పారు. ఆ రోజు వారి మనసులో నిలిచే పాఠం ఏదో వేరే చెప్పనక్కర లేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం మనవంటి మైనారిటీ పాఠశాలలకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. అందువల్ల బలహీన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్న నియమం మనపై లేదు. ఈ మినహాయింపు మన సంస్థల స్వరూపాన్ని కాపాడుకోవడానికి దక్కింది. ఆ స్వరూపంలో పేదలే ముందున్నప్పుడు, చట్టం అడిగినదానికంటే తక్కువ చేసే హక్కు మనకు వచ్చిందని అనుకోవడం పెద్ద పొరపాటు. ఇతర యాజమాన్యాలు చట్టానికి లోబడి చేసేదాన్ని మనం మనస్సాక్షికి లోబడి చేయాలి.

మన సంప్రదాయంలో దీనికి మార్గదర్శకులు ఉన్నారు. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో జాన్ బాప్టిస్ట్ ద లాసాల్ అనే కథోలిక గురువు పేద పిల్లలకు చదవడం లాటిన్‌లో కాక వారి మాతృభాషలో నేర్పించాడు. తెలుగులో మాట్లాడిన పిల్లవాడికి జరిమానా వేసే బడులు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీలోని ట్యూరిన్ వీధుల్లో తిరిగే కుర్రాళ్లను చేరదీసిన కథోలిక గురువు డాన్ బోస్కో, వివేకం, మతం, వాత్సల్యం అనే మూడింటిపై తన పద్ధతిని నిలిపి, శిక్షను వీలైనంతగా దూరం పెట్టాడు. తప్పు చేశాక కొట్టడం కంటే తప్పు చేయకముందే పిల్లవాడి పక్కన ఉండడం కష్టమైన పని. బెత్తం పట్టుకోవడానికి ఓపిక అక్కరలేదు.

పదో తరగతి ఫలితం నూటికి నూరు చూపించడం కోసం తొమ్మిదిలోనే వెనకబడిన పిల్లలకు టీసీ ఇచ్చి పంపే అలవాటును కూడా ఈ సభలో ప్రస్తావించక తప్పదు. ఆ పిల్లవాడికి ఇక వేరే బడి దొరకకపోవచ్చు. తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి ఒక్కదానికోసం వెళ్లిన కాపరి కథ చెప్పే బడి, ఆ ఒక్కదాన్ని తానే బయటికి పంపడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

కథోలిక పాఠశాల తన లక్ష్యాన్ని చేరడం దాదాపు పూర్తిగా ఉపాధ్యాయులపైనే ఆధారపడి ఉందని మహాసభ ప్రకటనే చెప్పింది. కనుక ప్రధానోపాధ్యాయులను, యాజమాన్యాలను నేను కోరేది ఇది: బడులు తెరిచేలోగా ఉపాధ్యాయులను కూర్చోబెట్టుకుని, ఫీజు మాట తల్లిదండ్రులతో తప్ప పిల్లలతో ఎత్తకూడదని రాతపూర్వకంగా నిర్ణయించండి. మామిడి, టమాటా రైతుల ఇళ్లకు వాయిదా గడువును పంట డబ్బు వచ్చే నెలకు జరపండి. తొమ్మిదో తరగతిలో వెనకబడినవారి పేర్లు టీసీ ఫైలులోంచి తీసి, సాయంత్రం ప్రత్యేక తరగతుల జాబితాలో రాయండి. ఆ తరగతులు తీసుకోవడానికి ముందుకొచ్చే ఉపాధ్యాయులకు తగిన పారితోషికం ఇవ్వండి.