పిటిషన్ అమ్మాయిది, పూచీ అల్లుడిది

(బరంపురం స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఇమిగ్రేషన్ కేసులు చూసే న్యాయవాది, పర్లాకిమిడికి చెందిన రిటైర్డ్ హెడ్మాస్టరు, కోర్టు దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరి.)

వ్యాఖ్యాత: నమస్కారం. అల్లుడు అమెరికా పౌరుడు. అమ్మాయి పెళ్ళయి వెళ్ళి గ్రీన్ కార్డు మీద ఉంది. ఇక్కడ అమ్మానాన్నలు ఇద్దరే మిగిలారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్ళలో ఇలాంటి ఇళ్ళు చాలానే కనిపిస్తున్నాయి. ఎవరిని కదిపినా "మా అల్లుడు సిటిజన్ కదా, మమ్మల్ని తీసుకెళ్ళిపోతాడు" అంటారు. ఎంతవరకు నిజం మేడమ్?

న్యాయవాది: నిజం కాదండీ. అల్లుడు సిటిజనే కావచ్చు, అత్తమామలకి గ్రీన్ కార్డు ఇవ్వమని పిటిషన్ వేసే హక్కు అతనికి లేదు. వేయాల్సింది కూతురే. అదీ గ్రీన్ కార్డు మీద ఉండగా కుదరదు. ఆమె పౌరసత్వం తీసుకోవాలి, 21 ఏళ్ళు నిండాలి. భర్త అమెరికా పౌరుడై, అతనితోనే కాపురం చేస్తుంటే గ్రీన్ కార్డు వచ్చిన మూడేళ్ళకు అర్హత వస్తుంది. లేకపోతే ఐదేళ్ళు.

మాస్టారు: అంటే మా అమ్మాయి ఇండియా పాస్‌పోర్టు వదిలేయాలి.

న్యాయవాది: అవును మాస్టారూ. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. విదేశీ పౌరులైన మనవాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే రాకపోకలకు ఇబ్బంది ఉండదు. మీరు గ్రీన్ కార్డుతో వెళ్ళినా భారత పౌరులుగానే ఉంటారు.

మాస్టారు: ఆ ముక్క మా ఆవిడకి మింగుడుపడలేదమ్మా. "మా కోసం నువ్వు పాస్‌పోర్టు మార్చుకోవడమేంటే" అని ఫోన్లో ఒకటే ఏడుపు.

వ్యాఖ్యాత: పౌరసత్వం వచ్చాక ఇంకా ఎన్నాళ్ళు?

న్యాయవాది: పౌరుల తల్లిదండ్రులకు ఏడాదికి ఇన్నే వీసాలనే పరిమితి లేదు. ఆఫీసులో ఫైలు కదిలే వేగమే లెక్క. ఆ పిటిషన్ వేసేది ఐ-130 అనే ఫారంలో, తల్లికొకటి, తండ్రికొకటి విడిగా వేయాలి. 2024 ఏప్రిల్‌లో మారిన రేట్ల ప్రకారం ఒక్కోదానికి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675. అది ఆమోదం పొందాక వీసా ఫీజు మనిషికి 325.

వ్యాఖ్యాత: డబ్బు సంగతి అల్లుడు చూసుకుంటాడులెండి. మనవాళ్ళు చిక్కుకునేది కాగితాల దగ్గర.

లేఖరి: నా బల్ల ముందుకి వచ్చేవి ఆ చిక్కులే సార్. మన ఆడపిల్లలకి తొలి పురుడు పుట్టింట్లో కదా. కాపురం బరంపురంలో, పుట్టిల్లు ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో. బిడ్డ అక్కడ పుడుతుంది, జనన నమోదు ఆంధ్రాలో జరుగుతుంది. ఆ రిజిస్టర్లో తండ్రి పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో రాస్తారు. అదే తండ్రి స్కూలు సర్టిఫికెట్ ఒడియాలో ఉంటుంది. అందులో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి చివర రావు చేరుతుంది. ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. నాలుగూ పక్కపక్కన పెడితే ఆ పిల్లకి నలుగురు తండ్రులు!

వ్యాఖ్యాత: (నవ్వుతూ) మా ఇంట్లోనూ అదే కథ.

న్యాయవాది: నవ్వొస్తుంది కానీ కేసు ఆగిపోయేది అక్కడే. కూతురి జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు ఉండాలి. తల్లి పిటిషన్‌కు అది చాలు. తండ్రికైతే దాంతోపాటు వాళ్ళ పెళ్ళి సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

మాస్టారు: మా పెళ్ళి పందిట్లో జరిగింది. సర్టిఫికెట్ అన్నమాట అప్పుడు విన్నవాడెవడు?

లేఖరి: ఇప్పుడు చేయించుకోవచ్చు మాస్టారూ. పెళ్ళి పాతదైనా హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేస్తారు. శుభలేఖ, పెళ్ళి ఫోటో, సాక్షులు ఉంటే పని తేలిక.

మాస్టారు: శుభలేఖ మా బావమరిది ట్రంకు పెట్టెలో దొరికింది. చెదలు అంచులు తిన్నాయి, పేర్లు మాత్రం మిగిల్చాయి.

న్యాయవాది: జాగ్రత్తగా ఉంచండి. ఇంకోటి, మాస్టారి తరంలో చాలామందికి జనన నమోదే లేదు. బ్రోకర్లు కొత్తగా సర్టిఫికెట్ తీయిస్తామంటారు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో వచ్చిన సవరణ తర్వాత, పుట్టి ఏడాది దాటాక చేసే నమోదుకు జిల్లా మేజిస్ట్రేటో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో ఉత్తర్వు ఇవ్వాలి. తీసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ నిన్న మొన్న పుట్టిన సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే ప్రశ్నలు తప్పవు. రిజిస్టర్లో పేరు లేదని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం, పాత స్కూలు రికార్డు, పుట్టుక సంగతి తెలిసిన పెద్దల అఫిడవిట్లు ఉంటే నయం. ఒడియా, తెలుగు కాగితాలన్నిటికీ ఇంగ్లీషు అనువాదం కావాలి. తనకు రెండు భాషలూ వచ్చనీ, అనువాదం సరైనదేననీ రాసి అనువాదకుడు సంతకం పెట్టాలి.

వ్యాఖ్యాత: ఇంటర్వ్యూ ఎక్కడ?

న్యాయవాది: మామూలుగా ముంబై కాన్సులేట్‌లో. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే వెళుతుంది.

వ్యాఖ్యాత: మరి అల్లుడి పాత్ర ఏమీ లేదా?

న్యాయవాది: ఉంది, పెద్దదే. వచ్చేవాళ్ళు సర్కారు మీద భారం కారని ఐ-864 ఫారంలో పూచీ ఇవ్వాలి. కూతురికి ఉద్యోగం లేకపోయినా పిటిషనర్ కాబట్టి మొదటి సంతకం ఆమెదే. చాలినంత ఆదాయం లేకపోతే భర్త తన ఆదాయం కలుపుతూ సంతకం చేస్తాడు. వాళ్ళిద్దరు, ఒక బిడ్డ, మీరిద్దరు, మొత్తం ఐదుగురు అనుకుంటే, 2025 లెక్కలో ఏడాదికి 47 వేల డాలర్ల పైచిలుకు ఆదాయం చూపాలి. ఆ పూచీ మీరు అక్కడ పౌరులయ్యేదాకానో, సుమారు పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకానో, దేశం పూర్తిగా వదిలి వచ్చేసేదాకానో ఉంటుంది. మధ్యలో భార్యాభర్తలు విడాకులు తీసుకున్నా పోదు.

వ్యాఖ్యాత: విడాకులయ్యాక కూడా అత్తమామలకి పూచీయా!

న్యాయవాది: అవునండీ. అందుకే అల్లుడికి విడమరచి చెప్పి సంతకం పెట్టించుకోండి అంటాను. ఏదో ఫార్మాలిటీ అని కాగితం ముందుకు తోయడం మర్యాద కాదు.

మాస్టారు: అల్లుడి చేత అంత పూచీ రాయించుకుని వెళ్ళడం నాకు ఇష్టం లేదమ్మా. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండి రావడం చాలదా?

న్యాయవాది: చూసి రావడానికైతే నిక్షేపంగా చాలు. నిజం చెప్పాలంటే ఇక్కడ ఇల్లూ వాకిలీ, ఓపికా ఉన్నవాళ్ళకి నేనూ అదే చెబుతాను. కానీ పిటిషన్ వేశాక విజిటర్ వీసాకి వెళితే తిరిగొస్తామని నమ్మించడం కష్టం. ఉండిపోయే ఉద్దేశం దాచి విజిటర్‌గా దిగితే అబద్ధం చెప్పినట్టే. గ్రీన్ కార్డు తీసుకుని ఇక్కడే కూర్చున్నా కుదరదు. బయట ఏడాది దాటాలంటే, తిరిగి రానిచ్చే రీఎంట్రీ పర్మిట్ ముందే తీసుకోవాలి, అదీ రెండేళ్ళకే. ఇంకో టెన్షన్ ఆరోగ్యం. 65 దాటినా, అక్కడ వరుసగా ఐదేళ్ళు ఉంటే గానీ మెడికేర్, అంటే పెద్దవాళ్ళకి అక్కడి సర్కారు నడిపే ఆరోగ్య బీమా, కొనుక్కోనివ్వరు. అందాకా ప్రైవేటు ఇన్సూరెన్సే.

వ్యాఖ్యాత: రాయగడ నుంచి ఫోన్. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: మా అబ్బాయికి ఇరవై ఏళ్ళండి, కాలేజీలో ఉన్నాడు. మాతోపాటు వాడినీ తీసుకెళ్ళొచ్చా?

న్యాయవాది: లేదమ్మా. తల్లిదండ్రుల కేసులో పిల్లలు వెంట రారు. మీకు గ్రీన్ కార్డు వచ్చాక వాడి కోసం మీరు వేయొచ్చు. 21 దాటితే ఏళ్ళ తరబడి ఆగాలి. ఈలోపు పెళ్ళి చేస్తే ఆ పిటిషన్ రద్దవుతుంది. అక్కతో వేయిస్తే పెళ్ళయినా ఫరవాలేదు గానీ, ఇండియావాళ్ళకి ఆ వరుస పదిహేనేళ్ళ పైమాటే.

ప్రేక్షకురాలు: అయితే వాణ్ణి ఎవరి దగ్గర వదిలి వెళ్తామండీ! వాడు స్థిరపడ్డాకే ఆలోచిస్తాం.

న్యాయవాది: అది మంచి ఆలోచనే. పిటిషన్‌కు మీవైపు వయసు పరిమితి లేదు.

మాస్టారు: నాదొక చిన్న సందేహం. వెళితే నా పెన్షన్ ఏమవుతుంది?

న్యాయవాది: ఆగదు. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, దాన్ని అక్కడి మన కాన్సులేట్‌లో సంతకం చేయించి పంపే పద్ధతి ఉంది. బయల్దేరే ముందు మీ ట్రెజరీలో అడిగి, వాళ్ళకి ఏ నమూనా కావాలో రాయించుకోండి. అక్కడ స్థిరపడ్డాక బ్యాంకు ఖాతాని ఎన్నార్వోగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా, మార్పించాలి.

మాస్టారు: ట్రెజరీలో గుమాస్తా నా శిష్యుడే. సోమవారం వెళ్ళి అడుగుతాను. మా ఆవిడకి మాత్రం ఇప్పుడే చెప్పకండి.

వ్యాఖ్యాత: మాస్టారూ, ఈ కార్యక్రమం ఆవిడ కూడా చూస్తారండీ!