ఆ తర్వాత ఏమైంది?

శ్రోతలకు నమస్కారం.

ఒంట్లో ఏదో నలత. డాక్టరును కలవడానికి ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంది. ఈలోగా చేయి ఫోను మీదికి వెళుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో "నాకూ అచ్చం ఇలాగే ఉండేది, ఇలా చేశాను, తగ్గింది" అని రాసి ఉంటారు. చదువుతాం. చాలాసార్లు నమ్ముతాం కూడా.

అలా నమ్మేవాళ్లను తెలివితక్కువవాళ్లని నేను అనను. డాక్టరుకు జబ్బు గురించి తెలుసు. ఆ జబ్బుతో రాత్రులు ఎలా గడుస్తాయో, మందు వేసుకున్న గంటకు కడుపులో ఎలా తిప్పుతుందో తెలిసింది మాత్రం దానితో బతుకుతున్న మనిషికే. ఆ మనిషి మాట వినాలనిపించడం సహజం. ఎవరి మాట వినాలి, ఎంతవరకు వినాలి అన్నదే ప్రశ్న. దీనికి సూత్రాలు చెప్పడం కన్నా, జరిగిన ఒక కథ చెప్పడం నాకిష్టం.

ఏఎల్ఎస్ అనే జబ్బు ఉంది. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌ను చక్రాల కుర్చీకి పరిమితం చేసింది అదే. కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. చేతులు, కాళ్లు, మాట, మింగడం, చివరికి శ్వాస, అన్నీ ఒకదాని వెనుక ఒకటి పోతాయి. హాకింగ్ దశాబ్దాలు బతికారు కానీ అది చాలా అరుదు. చాలామందికి మొదటి లక్షణం కనిపించాక మిగిలేది మూడు నుంచి ఐదేళ్లు.

అమెరికాలో స్టీఫెన్ హేవుడ్ అనే యువకుడికి 1998లో, 29 ఏళ్ల వయసులో ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. ఆయన సోదరులిద్దరూ ఒక స్నేహితుడితో కలిసి 2004లో 'పేషెంట్స్ లైక్ మీ' అనే వెబ్‌సైటు మొదలుపెట్టారు. పేరుకు అర్థం 'నాలాంటి రోగులు'. అక్కడ రోగులు ఒకరినొకరు ఓదార్చుకున్నారు, సలహాలు ఇచ్చుకున్నారు. దాంతోపాటు మరో పని కూడా చేశారు. ఈ జబ్బు ఎంత ముదిరిందో చూడటానికి వైద్యులు వాడే 12 ప్రశ్నల పట్టిక ఒకటుంది. రాయగలుగుతున్నారా, మెట్లు ఎక్కగలుగుతున్నారా, మంచం మీద పక్కకు తిరగగలుగుతున్నారా, ఇలాంటి ప్రశ్నలు. మొత్తం 48 మార్కులు. రోగులు తమ మార్కులను తామే వేసుకుని, అందరికీ కనిపించేలా నమోదు చేసేవారు. తగ్గుతున్న మార్కులను, నెలల తరబడి, తమ చేతులతో తామే.

2008లో ఇటలీ నుంచి ఒక వార్త వచ్చింది. మానసిక వ్యాధులకు వాడే లిథియం అనే మందు ఏఎల్ఎస్‌ను నెమ్మదింపజేస్తోందని అక్కడి పరిశోధకులు ప్రకటించారు. లిథియం వాడినవారు 16 మంది, వాడనివారు 28 మంది. 15 నెలల్లో వాడనివారిలో మూడో వంతుకు కాస్త తక్కువ మంది చనిపోయారు. వాడినవారిలో ఒక్కరూ చనిపోలేదు.

ఆ వార్త ఒక ఏఎల్ఎస్ రోగి చదివితే ఎలా ఉంటుందో ఊహించండి. అధ్యయనం చాలా చిన్నదని వారికీ తెలుసు. పెద్ద పరీక్షలు పూర్తయ్యేదాకా తాము ఉంటామన్న నమ్మకం లేదని కూడా తెలుసు. డాక్టర్లను అడిగి మందు రాయించుకున్నారు. లిథియం కాస్త ఎక్కువైతే విషమవుతుంది కాబట్టి రక్తపరీక్షలు చేయించుకున్నారు. బ్రెజిల్‌లోని ఒక రోగి, తండ్రికి ఈ జబ్బు ఉన్న ఒక పరిశోధకురాలు, ఇద్దరూ కలిసి పూనుకుని ఇతర రోగులను కూడగట్టారు. ఎంత మోతాదు, రక్తంలో ఎంత ఉంది, మార్కులు ఎలా మారుతున్నాయి, అన్నీ రాయమన్నారు. వారు రాశారు.

వెబ్‌సైటులోని పరిశోధకులు, లిథియం వాడిన 149 మంది వివరాలు తీసుకున్నారు. ఒక్కొక్కరికీ జోడీగా, మందు మొదలుపెట్టకముందు జబ్బు దాదాపు అదే వేగంతో ముదురుతూ ఉన్న ఇతర రోగులను వెతికారు. మందు వాడనివారిని. ఏడాది తర్వాత వాడినవారి, వాడనివారి మార్కుల గీతలను పక్కపక్కన పెట్టి చూశారు.

తేడా లేదు. లిథియం పనిచేయలేదు. ఈ ఫలితం 2011లో 'నేచర్ బయోటెక్నాలజీ' పత్రికలో వచ్చింది. వైద్యులు పద్ధతి ప్రకారం జరిపిన పరీక్షలు కూడా అదే చెప్పాయి.

పనిచేయలేదన్నది విషాదమే. అయినా నాకు ఈ కథలో గొప్పగా కనిపించేది ఆ ముగింపే. ప్రాణం నిలుపుతుందనుకున్న మందు గురించి, ఆ ప్రాణాలున్న మనుషులే "లాభం లేదు" అని రాశారు. మామూలుగా ఆ మాట ఎవరూ రాయరు. తగ్గినవాళ్లు సంతోషంతో వచ్చి రాస్తారు. తగ్గనివాళ్లు నిరాశతో మౌనంగా వెళ్లిపోతారు. మనం చదివే పేజీలో తగ్గినవాళ్లే మిగులుతారు. వాళ్లలో అబద్ధం చెప్పినవాళ్లు ఒక్కరూ లేకపోయినా, పేజీ మొత్తం అబద్ధం చెబుతుంది.

ఇక నేరుగా అబద్ధం చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే ఆమె, తనకు మెదడు క్యాన్సర్ ఉందని, ఆహారంతో, సహజ పద్ధతులతో నెట్టుకొస్తున్నానని రాస్తూ 2013లో ఒక ఆప్ విడుదల చేసింది. ఎంతోమంది నమ్మారు. అదేదీ నిజం కాదని 2015లో ఆమే ఒప్పుకుంది. 2017లో కోర్టు 4,10,000 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఆమె రాతల్లో కన్నీళ్లు ఉన్నాయి, ధైర్యం ఉంది, అందమైన ఫొటోలు ఉన్నాయి. ఆ జబ్బుకు ఎవరైనా సరిచూసుకోగల ఆధారం మాత్రం లేదు.

కాబట్టి సలహా చదివినప్పుడు ఒక్కటే వెతకమంటాను. ఆ తర్వాత ఏమైంది? "పదిరోజుల్లో మార్పు కనిపించింది" అని రాసిన మనిషి ఆరు నెలల తర్వాత ఏం రాశారు? ఆ మనిషి పేరు మీద నొక్కి, తర్వాతి రాతలు చూడండి. ఏమీ లేకపోతే ఆ సలహా సగమే ఉన్నట్టు. ఆ తర్వాత ఏమైందో తెలియని సలహాను, ఎంతమంది మెచ్చుకున్నా, మీ ఒంటి మీద ప్రయోగించకండి.

మరొకటి కూడా గమనించండి. "నాకు పనిచేయలేదు" అన్న మనిషితో ఆ పేజీలోని బృందం ఎలా ప్రవర్తిస్తోంది? "ఎన్నాళ్లు వాడారు, ఇంకేం వాడారు" అని అడుగుతున్నారా? అక్కడ కూర్చోవచ్చు. "మీకు నమ్మకం చాల్లేదు" అని తరిమేస్తున్నారా? అక్కడి నుంచి వెంటనే వచ్చేయండి. ఆ తర్వాత అక్కడ మీకు వినిపించేదంతా ఒక వైపు మాటే.

ఇప్పటికే ఎవరిదో సలహా పాటించి ఉంటే, ఈరోజే ఆ పేజీకి తిరిగి వెళ్లండి. ఏం వాడారు, ఎంత వాడారు, ఎన్నాళ్లు వాడారు, దాంతోపాటు ఇంకేం వాడుతున్నారు, చివరికి ఏమైంది. నాలుగు వాక్యాలు చాలు, తేదీ వేసి రాయండి. గుణం కనిపించకపోతే మరీ తప్పకుండా రాయండి.

నమస్కారం.