యోకిచ్చా, షేనా? ముందు లెక్క తేల్చుకుందాం

(భీమవరంలో పీఈటీలు, బాస్కెట్‌బాల్ ఆడే విద్యార్థుల ముందు 2025 అక్టోబరులో చేసిన ప్రసంగ పాఠం)

మాస్టార్లందరికీ, ప్రాక్టీసు ముగించుకుని చెమట ఆరకముందే వచ్చి కూర్చున్న పిల్లలకీ నమస్కారం అండి.

ఇప్పుడు ప్రపంచంలో మేటి బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎవరు అన్న మాటెత్తితే చాలు, సంక్రాంతి బరి దగ్గర ఉన్నంత గోల లేస్తుంది. ఒకడు పాయింట్లు చెబుతాడు, ఇంకొకడు కప్పులు చెబుతాడు, మూడోవాడు ఫోన్‌లో రాత్రి చూసిన డంక్ చూపిస్తాడు. ముగ్గురూ మూడు వేరే ప్రశ్నలకి జవాబిస్తూ ఒకరినొకరు తిట్టుకుంటుంటారు.

అందుకని ముందు ప్రశ్న బిగిద్దాం. ఒక సీజన్ మొత్తానికి ఒక్కడినే ఎంచుకోమంటే, ఎవరు ఉంటే మన జట్టు ఎక్కువ మ్యాచ్‌లు గెలుస్తుంది? అంతే. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో లెబ్రాన్ 2023 ఫిబ్రవరిలో కరీం అబ్దుల్ జబ్బార్ కెరీర్ పాయింట్ల రికార్డు దాటాడు. కర్రీ పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో సెర్బియా మీద 36 కొట్టాడు. ఇద్దరికీ దండం పెట్టి పక్కన కూర్చోబెడదాం, అది చరిత్ర. వెంబన్యామా 2024-25లో మ్యాచ్‌కి 3.8 బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే ఆపడం) చేశాడు, కానీ భుజంలో రక్తం గడ్డకట్టి 46 మ్యాచ్‌లకే ఆగిపోయాడు. ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు) లాంటి అవార్డులకి 65 మ్యాచ్‌లు ఆడి తీరాలన్న నిబంధన ఎన్‌బీఏ 2023-24లో తెచ్చింది. మన లెక్కకీ అదే సరైన గీత. డోన్చిచ్ కూడా ఆ సీజన్లో ఆ గీత దాటలేదు. యానిస్ అభిమానులు కోప్పడకండి, ఆయన మూడో స్థానంలో ఉన్నాడు. పైన ఇద్దరే మిగిలారు.

ఓక్లహోమా సిటీ షే గిల్జెస్-అలెగ్జాండర్: 2024-25లో 76 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 32.7 పాయింట్లు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. జట్టు 68 గెలిచింది. ఎంవీపీ, ఆపైన టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ కూడా. డెన్వర్ నికోలా యోకిచ్: 70 మ్యాచ్‌లు, 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (పడని షాట్ తర్వాత బంతి పట్టడం), 10.2 అసిస్టులు (బుట్టకి దారితీసిన పాస్‌లు). సీజన్ మొత్తం ట్రిపుల్-డబుల్ (ఈ మూడింట్లోనూ రెండంకెలు) సగటు నిలబెట్టిన సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగువాడు, అంతకుముందు ఒక్కడూ లేడు. ఎంవీపీ ఓటింగ్‌లో 100 మందిలో 71 మంది షేని, 29 మంది యోకిచ్‌ని మొదట పెట్టారు.

ఇక్కడ చాలామంది 32.7 పెద్దదా 29.6 పెద్దదా అని చూసి లేచిపోతారు. రొయ్యల చెరువు చేసేవాళ్లు అలా చూడరు కదండీ. ఎన్ని టన్నులు పట్టావని అడిగాక, మేత ఎంత పోశావని అడుగుతారు. మేత లెక్క తప్పితే టన్నులెక్కువైనా నష్టమే. ఇక్కడ మేత అంటే షాట్లు. ట్రూ షూటింగ్ అనే లెక్క ఇలా వేయాలి: ఫ్రీ త్రోల (ఫౌల్‌కి బదులుగా అడ్డు లేకుండా వేసే షాట్ల) సంఖ్యని 0.44తో గుణించండి, దానికి వేసిన మిగతా షాట్లు, పడినవీ పడనివీ, కలపండి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి దాంతో పాయింట్లని భాగించండి. 0.44 ఎందుకంటే, ప్రతి రెండు ఫ్రీ త్రోలకీ ఒక పొజెషన్ (జట్టు చేతికి బంతి వచ్చిన ఒక వంతు) ఖర్చవదు. బుట్ట పడ్డాక ఫౌల్ వస్తే అదనంగా వచ్చేది ఒక్కటే, టెక్నికల్ ఫౌల్‌కి వచ్చేదానికి పొజెషనే పోదు. ఆ తేడా సర్దడానికే.

షే మ్యాచ్‌కి 21.8 షాట్లు, 8.8 ఫ్రీ త్రోలు వేశాడు. లెక్క కడితే దాదాపు 63.7 శాతం. యోకిచ్ 19.5 షాట్లు, 6.4 ఫ్రీ త్రోలు. 66.3 శాతం. రెండూ గొప్ప అంకెలే. కానీ తక్కువ మేతతో ఎక్కువ పంట తీసింది యోకిచ్.

ఇదే లెక్క మన స్కోర్ షీట్ మీద వేసి చూడండి. 20 షాట్లు, 6 ఫ్రీ త్రోలతో 18 పాయింట్లు కొట్టినవాడిది దాదాపు 40 శాతం. 8 షాట్లు, 2 ఫ్రీ త్రోలతో 12 కొట్టినవాడిది 67 దాటుతుంది. పేపర్లో పేరు మొదటివాడిది పడుతుంది, బంతి మాత్రం రెండోవాడి చేతికే ఎక్కువసార్లు వెళ్లాలి.

షేకి ఫౌల్‌లు అడుక్కుంటాడన్న చెడ్డపేరొకటి ఉంది. ఆ సీజన్లోనే యానిస్ మ్యాచ్‌కి 10.6 ఫ్రీ త్రోలు వేశాడు. ఆయన్నెవరూ ఆ మాట అనరు, ఎందుకో మరి.

ఇప్పుడు కాస్త దగ్గరగా చూద్దాం. యోకిచ్ ఫ్రీ త్రో గీత చివర, ఎల్బో దగ్గర, బుట్టకి వీపు పెట్టి బంతి పట్టుకుంటాడు. సహచరుడు జమాల్ మరే మూల నుంచి అతని భుజం రాసుకుంటూ పరిగెత్తుకొస్తాడు. చేతి నుంచి చేతికి బంతి ఇస్తాడు, లేదా ఇచ్చినట్టు చూపిస్తాడు. మరేని కాపలా కాసేవాడు యోకిచ్ ఒంటికి తగిలి ఒక్క అడుగు వెనకపడతాడు. అప్పుడు యోకిచ్ మీదున్న పొడుగువాడికి రెండే దార్లు. ముందుకొస్తే వెనక ఖాళీ, అక్కడికి కట్ చేసినవాడికి పాస్ వెళ్తుంది. వెనక్కి తగ్గితే మరే అక్కడే ఆగి షాట్ వేస్తాడు. ఇద్దరూ మరే మీద పడితే యోకిచే మూడు పాయింట్ల షాట్ వేస్తాడు, ఆ సీజన్లో అతనివి వాటిలో 41.7 శాతం బుట్టలో పడ్డాయి. అందుకే అతని విలువ అతని పాయింట్లలో సగమే కనిపిస్తుంది, మిగతాది పక్కవాళ్లకి దొరికే తేలిక షాట్లలో ఉంటుంది.

షే పని వేరు. పిల్లలు అతని వేగం చూసి అనుకరిస్తారు, అక్కడే పొరపాటు. అతని అసలు బలం బ్రేకు. బంతితో బుట్ట వైపు దూసుకెళ్లే డ్రైవ్ మధ్యలో ఒక్కసారి నెమ్మదిస్తాడు, డిఫెండర్ ముందుకి జారిపోతాడు, అప్పుడు 12, 15 అడుగుల నుంచి తాపీగా వేస్తాడు. మోకాళ్లు వంచి ఆగడం రాకుండా ఆ స్టెప్ చేస్తే ట్రావెలింగ్ (బంతి పట్టుకుని అడుగులు ఎక్కువేసిన తప్పు) ఖాయం. డిఫెన్స్‌లోనూ మ్యాచ్‌కి 1.7 స్టీల్స్ (బంతి లాక్కోవడం), 1 బ్లాకు. గార్డ్‌కి, అంటే బయటి నుంచి బంతి నడిపేవాడికి, అది చాలా ఎక్కువ.

యోకిచ్ లోటు కూడా డిఫెన్సే. 2025 ప్లేఆఫ్స్‌లో (టైటిల్ కోసం ఆడే చివరి దశలో) ఈ రెండు జట్లే ఏడు మ్యాచ్‌లు ఆడాయి. ఏడో దాంట్లో ఓక్లహోమా 125-93తో గెలిచింది. ఆరడుగుల అయిదంగుళాల అలెక్స్ కరూసోని యోకిచ్ ముందు నిలబెట్టి, బంతి అందకుండా అడ్డుకుని, పైనుంచి వేసే పాస్‌కి వెనక ఇంకొకడిని కాపలా పెట్టారు. షే గెలిచాడు, యోకిచ్ ఓడాడు అని రాయడం తేలిక. కానీ ఒక్క మనిషి కోసం జట్టు మొత్తం డిఫెన్స్ మార్చుకోవాల్సి రావడం కూడా ఒక కొలతే. షే వెనక ఆ డిఫెన్స్ సాయం ఉంది. యోకిచ్‌కి అంత లేదు. నా ఓటు యోకిచ్‌కే, బొటాబొటీగా.

ఇంకో మాట. ఆటగాడు అనగానే మగవాళ్లనే చూడటం మన అలవాటు. లాస్ వేగాస్ ఎయ్‌జా విల్సన్ 2025లో నాలుగోసారి ఎంవీపీ అయింది, అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఇంకెవరికీ నాలుగు లేవు. 2024లో ఒక సీజన్లో 1,000 పాయింట్లు దాటిన మొదటి మనిషీ ఆమే. తన లీగ్‌లో ఆమెకున్నంత తేడా యోకిచ్‌కి తన లీగ్‌లో లేదు.

యూరప్ లీగ్‌ల అంకెలు తెచ్చి వాదించేవాళ్లు నిమిషాలు చూసుకోండి. అక్కడ, మన దగ్గర కూడా, మ్యాచ్ 40 నిమిషాలు, అయిదు ఫౌల్‌లకి బయటికి. ఎన్‌బీఏలో 48 నిమిషాలు, ఆరు ఫౌల్‌లు. మూడు పాయింట్ల గీత మనకి 6.75 మీటర్లు, ఎన్‌బీఏలో బుట్టకి ఎదురుగా 7.24.

నవంబరు దాటాక డెన్వర్‌లో రాత్రి ఏడింటి మ్యాచ్ మనకి పొద్దున్న ఏడున్నరకి వస్తుంది. బడికెళ్లేలోపు మొదటి క్వార్టర్ పడుతుంది, అది చాలు. బంతి వెంట చూడకండి. వరుసగా అయిదు పొజెషన్లు యోకిచ్ పాదాలనే చూసి, అతను బంతి వదిలేశాక ఎక్కడికి నడుస్తున్నాడో కాగితం మీద గీయండి. గీసినవి ఆదివారం ప్రాక్టీసుకి పట్టుకురండి.