కావలసింది మనిషా, అతని చుట్టాల జాబితానా?

(మచిలీపట్నంలో బీమా వారోత్సవాల సభలో ఏజెంట్లను చేర్చి తర్ఫీదు ఇచ్చే డెవలప్‌మెంట్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న ఏజెంటు మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, నా ముందు మాట్లాడినవారు ఆ పని రెండుసార్లు చేసేశారు. అధ్యక్షులవారు అప్పుడే గడియారం చూస్తున్నారు.

బందరులో బీమా గురించి చెప్పడమంటే కొంచెం బెరుకే. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టింది ఈ ఊళ్లోనే. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి ఎల్‌ఐసీని ఏర్పాటు చేశారు. ఆ తేదీ పేరు చెప్పుకునే ఈ వారం మనం దండలు వేసుకుంటున్నాం. సరే.

కార్డులో నా అంశం 'ఉత్సాహవంతులైన ఏజెంట్ల నియామకంలో సవాళ్లు' అని వేశారు. ఇప్పటి పిల్లలకి కష్టపడే బుద్ధి లేదనీ, అందరికీ నెల తిరిగేసరికి జీతం పడాలనీ పొద్దుటి నుంచి వింటున్నాను. నేను ఒప్పుకోను. ఉత్సాహం ఉన్నవాళ్లు వస్తూనే ఉన్నారు. వచ్చినవాణ్ణి మనం ఏం చేస్తున్నామన్నదే నా గొడవ.

చేరిన రోజున ఏం చేస్తాం? తెల్లకాగితం ఇచ్చి, తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమంటాం. ఏ కంపెనీ అని అడక్కండి, అన్నిట్లోనూ ఇదే తంతు. కుర్రాడు మొదటి పది పేర్లు గబగబా రాస్తాడు. బాబాయి, మేనమామ, బావగారు, అక్క ఆడపడుచు. నలభై దాటాక పెన్ను మూత నోట్లోకి వెళ్తుంది. డెబ్భైకి వచ్చేసరికి పాలవాడు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. అప్పుడు కూడా మనం చూసేది ఆ కాగితాన్నే, వాడి మొహాన్ని కాదు. మొదటి పదిమంది మొహమాటానికి పాలసీ తీసుకుంటారు. ఆరు నెలలకి కాగితం అయిపోతుంది, వాడూ అయిపోతాడు. పెళ్లిళ్లలో వాణ్ణి చూసి చుట్టాలు పక్క వరసలోకి జరుగుతారు. వాడు కట్టించిన పాలసీలకి రెండో ఏడు గుర్తుచేసే నాథుడుండడు, ప్రీమియం కట్టక ల్యాప్స్ అవుతాయి. మనం ఇంకొకడికి ఇంకో తెల్లకాగితం ఇస్తాం.

ఇక మార్చి నెల సంగతి మీకు తెలియందా? నియామకాల టార్గెట్ మిగిలిపోయింది కదా అని ఎవరి భార్య పేరునో ఏజెంటు కోడ్ తెరుస్తాం. ఇంటర్వ్యూలో ఆవిణ్ణి పేరు అడిగితే వెనక నిలబడ్డ ఆయన జవాబు చెబుతాడు. నవ్వకండి, ఈ హాల్లోనే ఉన్నారు అలాంటి ఆయనలు.

నన్నడిగితే మొదటి రోజు రాయించాల్సింది పేర్లు కాదు, లెక్క. ఇంటికి నెలకి ఎంత కావాలి? ఇరవై ఒక్క వేలు అన్నాడనుకుందాం. ఏడాదికి పన్నెండు వేల ప్రీమియం పాలసీకి మొదటి ఏడు కమిషన్ పాతిక శాతం వేసుకుంటే మూడు వేలు. అంటే నెలకి ఏడు పాలసీలు, ఏడాదికి 84. అందరూ సరిగా కడితే, ఏడున్నర శాతం చొప్పున రెండో ఏడు రెన్యూవల్ కమిషన్ 75,600. అంటే నెలకి 6,300, కొత్త పాలసీ ఒక్కటి చేయకపోయినా. 2024 అక్టోబరులో సరెండర్ నిబంధనలు, అంటే పాలసీ మధ్యలో వదులుకుంటే ఎంత వెనక్కివ్వాలన్నవి, మారాక కమిషన్లు కూడా అటూ ఇటూ అయ్యాయి, మీ రేట్లు మీరు వేసుకోండి. కానీ ఈ కాగితం చూపించి, రెన్యూవల్ చేతికొచ్చేదాకా ఇల్లు గడుస్తుందా నాయనా అని అడిగేవాడు ఏడి? స్టేజీ మీద కారు కొన్న ఏజెంటుని చూపిస్తాం గానీ, అతను మొదటి రెండేళ్లు ఎవరి జీతం మీద బతికాడో చెప్పం.

ఆ మూడు వేలు మాత్రం చేతికొస్తాయా? 'మొదటి ప్రీమియంలో సగం మీరు కట్టండి, పక్క ఏజెంటు కడతానన్నాడు' అంటారు పాలసీ తీసుకునే పార్టీ. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం ఇలా పార్టీకి మన కమిషన్‌లోంచి రిబేటు ఇవ్వడం నేరం, పది లక్షల దాకా జరిమానా. ఇది అందరం పరీక్షకి చదివాం. పరీక్ష పాసైన మర్నాడు మర్చిపోయాం. ఇక్కడ చేతులెత్తమని అడగను, మర్యాదగా ఉండదు. కానీ సీనియర్లూ, మీరు ఎక్కువ వ్యాపారం చేసిన ఏజెంట్లకిచ్చే క్లబ్ మెంబర్‌షిప్ కోసం రిబేటు ఇచ్చి రేటు పాడుచేస్తే, నిజాయతీగా తిరిగే కొత్త కుర్రాడికి ఆ వీధిలో నీళ్లు కూడా పుట్టవు. మోటివేషన్ క్లాసు పెట్టి ఏం లాభం?

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

గుడివాడ వైపు ఒకావిడ వాయిదాల మీద చీరలు అమ్మేది. నా దగ్గర చేరింది. ఆవిణ్ణి వంద పేర్లు రాయమనలేదు, ఆవిడ సంచిలో అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి చూశాను. ఇంటింటికీ ఒక పేజీ. ఎవరింట్లో ఏ పంట డబ్బు ఏ నెల వస్తుందో, ఏ ఇంట్లో ఆయనకి చెప్పకుండా ఇల్లాలు కడుతోందో అందులో ఉంది. మనవాళ్లు పూర్వం గోడల మీద 'రేపు రా' అని రాసుకునేవారు చూడండి, దయ్యం వెనక్కి పోవాలని. బీమా ఏజెంటుకి ఆ మాట ప్రతి గుమ్మంలోనూ వినపడుతుంది. డిగ్రీ చదివిన కుర్రాడు నాలుగోసారికి చిన్నబుచ్చుకుంటాడు. ఈవిడ మాత్రం 'రేపు పొద్దునా, సాయంత్రమా?' అని అడిగేది! చదువు పదో తరగతే. ఆవిడ పాలసీలు ల్యాప్స్ కావడం అరుదు, ఎందుకంటే గడువుకి వారం ముందే గుమ్మంలో నిలబడేది. చీర బాకీ వసూలు చేసిన కాళ్లు కదా.

ఇలాంటివాళ్లు డ్వాక్రా సంఘాల్లో ఉన్నారు, పోస్టాఫీసు ఆర్‌డీలు కట్టించేవాళ్లలో ఉన్నారు. 2024 డిసెంబరు 9న పానిపట్‌లో మొదలైన, ఆడవాళ్లను ఏజెంట్లుగా చేర్చే ఎల్‌ఐసీ బీమా సఖి పథకంలో నాకు నచ్చింది ఒక్కటే. మొదటి ఏడు నెలకి 7,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000 స్టయిఫండ్ ఇస్తామన్నారు. షరతులు ఉన్నాయి, ఉండాలి. కొత్తగా చేరిన మనిషి మొదటి ఏడు కూడా అన్నం తినాలని ఎవరో ఒకరు ఒప్పుకున్నారు, అది చాలు నాకు. దాన్ని కూడా మార్చి టార్గెట్ చేసి, వెనక నిలబడ్డ ఆయనల పాలు చెయ్యకండి తల్లీ, మీకు దణ్ణం పెడతాను.

బ్రాంచి మేనేజర్లకి నా విన్నపం. ఈ ఏడు ఎంతమందిని చేర్చారో మీ బోర్డు మీద రాస్తారు. దాని పక్కనే ఇంకో గడి గీయించండి. మూడేళ్ల కిందట చేరినవాళ్లలో ఇప్పటికీ తిరుగుతున్నవాళ్లు ఎంతమందో అందులో రాయించండి. డెవలప్‌మెంట్ ఆఫీసర్లకి సన్మానం ఆ గడి చూసి చెయ్యండి. నమస్కారం.