2011 మావ్స్: ఉంచాలా, కూల్చాలా? ఆ ప్రశ్నే తప్పు

2011లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచిన డాలస్ మావెరిక్స్ (మావ్స్) టీమ్ మాట ఎత్తితే చాలు, మనవాళ్లు రెండు పార్టీలైపోతారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఏ బర్త్‌డే ఫంక్షన్‌కి వెళ్లినా ఇదే గొడవ. "అదే టీమ్‌ని అలాగే ఉంచి ఉంటే ఇంకో టైటిల్ గ్యారంటీ" అని ఒకాయన మొదలుపెడతాడు. "ఏం ఉంచుతారండీ ఆ ముసలి టీమ్‌ని? గెలిచిన మర్నాడే అందర్నీ అమ్మేసి రీబిల్డ్ చేయాల్సింది" అని ఇంకొకాయన అందుకుంటాడు. బిర్యానీ చల్లారిపోతుంది గానీ వాదన చల్లారదు.

నాకు చిరాకు ఎక్కడంటే, ఇద్దరూ ఒకే తప్పు మీద నిలబడి కొట్టుకుంటున్నారు. ఆ టీమ్ డిఫెన్స్‌కి ప్రాణమైన టైసన్ చాండ్లర్‌ను వదిలేశారు కాబట్టి మావ్స్ రీబిల్డ్ చేశారని ఒకరు, సరిగ్గా చేయలేదని ఒకరు. అసలు వాళ్లు రీబిల్డే చేయలేదు! టీమ్‌ని ఉంచనూ లేదు, కూల్చనూ లేదు. చేసింది మూడో పని. ఈ వీడియో దాని గురించే.

[స్క్రీన్ మీద: 2011 ఫైనల్స్ నాటికి వయసులు. కిడ్ 38, స్టొయాకోవిచ్ 34, టెర్రీ 33, మారియన్ 33, నొవిట్జ్‌కీ 32, చాండ్లర్ 28]

ఈ లిస్టు చూడండి. ముసలి టీమ్ అన్నది అబద్ధం కాదు. జేసన్ కిడ్‌కి 38. టీమ్ స్టార్ డిర్క్ నొవిట్జ్‌కీకి ఇంకో వారంలో 33 వస్తాయి. కానీ చివరి పేరు దగ్గర ఆగండి: చాండ్లర్, 28. ఆ ముసలాళ్ల వెనకాల పరిగెత్తి, వాళ్లు వదిలేసిన ప్రతి మనిషినీ రిమ్ దగ్గర ఆపింది ఈయనే. టీమ్‌లో వయసు సమస్య ఉంటే, దానికి మందు కూడా ఆ టీమ్‌లోనే ఉంది. మావ్స్ వదిలేసింది ఆ మందునే.

ఎందుకు వదిలేశారో అర్థం కావాలంటే శాలరీ క్యాప్, అంటే టీమ్ ప్లేయర్లకిచ్చే మొత్తం జీతాల మీద ఉన్న పరిమితి, ఎలా పనిచేస్తుందో తెలియాలి. పట్టికలు చూపించి బోర్ కొట్టించను. ఆర్టీసీ బస్సు చాలు.

పండగ సీజన్‌లో ఊరెళ్లే బస్సు. సీట్లన్నీ నిండిపోయాయి, అంటే టీమ్ క్యాప్ దాటేసింది. కొత్తవాళ్లు ఎక్కాలంటే సీటు ఖాళీ ఉండాలి. కానీ అప్పటికే లోపల ఉన్నవాళ్లను ఎవరూ దించరు. టికెట్ పొడిగించుకుంటే చాలు, బస్సు ఎంత కిక్కిరిసినా వాళ్ల చోటు వాళ్లదే. ఎన్‌బీఏలో దీన్నే లారీ బర్డ్ పేరుతో బర్డ్ రైట్స్ అంటారు. చాండ్లర్‌కి ఆ హక్కు ఉంది. 2010లో షార్లెట్ నుంచి ట్రేడ్‌లో వచ్చాడు, ట్రేడ్‌తో పాటు హక్కు కూడా వస్తుంది. మావ్స్ క్యాప్ దాటి ఎంత దూరంలో ఉన్నా, జీతాల గీత దాటినందుకు లీగ్‌కి లగ్జరీ టాక్స్ కట్టడానికి సిద్ధపడితే ఆయన్ని ఉంచుకోవచ్చు.

మరి దించేస్తే? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "ఆయన జీతం మిగిలింది కదా, దాంతో ఇంకో మంచి ప్లేయర్‌ని తెచ్చుకోవచ్చు" అంటారు. బయట మార్కెట్‌లోంచి తెచ్చుకోలేరు. బస్సు కెపాసిటీ నలభై, లోపల యాభై మంది ఉన్నారనుకోండి. ఒకడు దిగితే నలభై తొమ్మిది. సీటు ఖాళీ అయిందా? కాలేదు. దిగినవాడు దిగిపోయాడు, మీకు చోటు మాత్రం రాలేదు. ఇంకా పది మంది దిగాలి.

అప్పటి ఓనర్ మార్క్ క్యూబన్‌కి ఇది తెలియదా? మనందరికంటే బాగా తెలుసు. అందుకే ఆయన ప్లాన్ ఒక్క చాండ్లర్‌తో ఆగలేదు. ఆ డిసెంబర్‌లో లాకౌట్ (ఓనర్లకూ ప్లేయర్లకూ ఒప్పందం కుదరక లీగ్ ఆగిపోవడం) ముగియగానే చాండ్లర్ న్యూయార్క్ వెళ్లాడు, నాలుగేళ్లకు దాదాపు 5.8 కోట్ల డాలర్లకు. బరేయా మినెసోటా వెళ్లాడు. క్యారన్ బట్లర్ క్లిప్పర్స్‌కి, స్టీవెన్‌సన్ నెట్స్‌కి. స్టొయాకోవిచ్ రిటైరయ్యాడు. ఆ ఒక్క సీజన్ ఎలాగోలా లాగించి, 2012 వేసవికల్లా బస్సులో నిజంగానే ఒక పెద్ద సీటు ఖాళీ చేయాలి. ఆ సీటు మీద కర్చీఫ్ వేసి ఉంచాలి. ఎవరి కోసం? నెట్స్ టీమ్ స్టార్ డెరాన్ విలియమ్స్ కోసం. డాలస్ శివార్లలో, ద కాలనీలో పెరిగిన కుర్రాడు. ఊరివాడే కదా, వస్తాడు.

ఇదీ మూడో పని. రీబిల్డ్ అంటే డిర్క్‌తో సహా అమ్మి, ఓడిపోయి, డ్రాఫ్ట్ పిక్కులు (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వరుసలో చోట్లు, ఎక్కువ ఓడినవాళ్లకు ముందు చోటు దొరికే అవకాశం ఎక్కువ) కూడబెట్టుకోవడం. ఉంచడం అంటే టాక్స్ కట్టి అదే టీమ్‌తో మళ్లీ దిగడం. మావ్స్ చేసింది కర్చీఫ్ వేయడం.

క్యూబన్ తరఫున ఒక మాట చెప్పాలి. ఆయన భయం ఉత్తుత్తి భయం కాదు. లాకౌట్ తర్వాత వచ్చిన కొత్త ఒప్పందంలో లగ్జరీ టాక్స్ బాగా పెంచారు. అంతకుముందు గీత దాటిన ప్రతి డాలర్‌కీ ఒక డాలర్ కడితే సరిపోయేది. 2013-14 నుంచి అది మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఏటా దాటేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఆ భయంతోనే ఓక్లహోమా సిటీ 2012 అక్టోబర్‌లో జేమ్స్ హార్డెన్ లాంటివాణ్ణి వదులుకుంది. కాబట్టి చేయి బిగించుకోవడంలో తప్పు లేదు. తప్పల్లా కర్చీఫ్ మీద అంత నమ్మకం పెట్టుకోవడంలో.

[స్క్రీన్ మీద: 2011-12. 36 గెలుపులు, 30 ఓటములు. మొదటి రౌండ్‌లో ఓక్లహోమా సిటీ చేతిలో 0-4]

మధ్యలో గడిచిన ఆ సీజన్ చూడండి. చాండ్లర్ వెళ్లినప్పుడు దొరికిన ట్రేడ్ ఎక్సెప్షన్ (క్యాప్ దాటినా ట్రేడ్‌లో ఇంకొకర్ని తెచ్చుకునే వెసులుబాటు) వాడి లేకర్స్ నుంచి లామర్ ఓడమ్‌ను తెచ్చారు. అంతకుముందు ఏడాది సిక్స్త్ మ్యాన్ అవార్డు (బెంచ్ మీంచి వచ్చి ఆడేవాళ్లలో బెస్ట్) గెలిచినవాడు. డాలస్‌లో 50 మ్యాచ్‌లు ఆడి సగటున 6.6 పాయింట్లు కొట్టాడు. ఏప్రిల్‌లో, సీజన్ కూడా పూర్తవకుండానే, ఇంటికి పంపేశారు. అదే ఏడాది న్యూయార్క్‌లో చాండ్లర్ డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. డాలస్ బ్యానర్ ఎగరేసిన ఏడాదే పక్కవాళ్ల జెర్సీలో ఆయన ఆ అవార్డు తీసుకుంటుంటే కడుపు మండదా?

సరే, 2012 జులై వచ్చింది. సీటు ఖాళీ. కర్చీఫ్ రెడీ. డెరాన్ విలియమ్స్ నెట్స్‌తో, అంటే బ్రూక్లిన్‌లోనే, ఉండిపోయాడు.

ఎందుకో బస్సు లెక్కలోనే చూడండి. విలియమ్స్ అప్పటికే తన బస్సులో కూర్చుని ఉన్నాడు. తన బస్సులో ఉంటే ఐదేళ్ల టికెట్, దాదాపు 9.8 కోట్ల డాలర్లు. కొత్త బస్సు ఎక్కితే రూల్ ప్రకారం నాలుగేళ్లకు మించి ఇవ్వకూడదు, ఏటా పెంచే శాతం కూడా తక్కువ. చాండ్లర్ విషయంలో డాలస్ చేతిలో ఉన్న హక్కే విలియమ్స్ విషయంలో బ్రూక్లిన్ చేతిలో ఉంది. మన చేతిలో ఉన్న ఆయుధాన్ని అవతల పడేసి, అదే ఆయుధం పట్టుకున్నవాడితో యుద్ధానికి వెళ్లారన్నమాట. పైగా విలియమ్స్‌తో మాట్లాడే మీటింగ్‌కి క్యూబన్ రాలేదు. టీవీ షో షూటింగ్‌లో ఉన్నాడు. ఆయన వచ్చి ఉంటే బాగుండేదని విలియమ్సే తర్వాత బాహాటంగా అన్నాడు. పెళ్లిచూపులకి పెళ్లికొడుకే రాకపోతే ఎలా సార్!

ఇక ఆ వేసవిలోనే కిడ్ న్యూయార్క్ వెళ్లాడు, టెర్రీ బోస్టన్ వెళ్లాడు. డిర్క్‌కి మోకాలి ఆపరేషన్, 27 మ్యాచ్‌లు ఆడలేదు. గెలుపోటములు సమానమయ్యేదాకా గడ్డాలు గీసుకోమని ప్లేయర్లు ఒట్టేసుకున్నారు. ఏప్రిల్‌లో లెక్క సమమయ్యేసరికి డిర్క్ గడ్డం సన్యాసి గడ్డమైంది. 41-41తో సీజన్ ముగిసింది, ప్లేఆఫ్స్ లేవు. రెండేళ్ల క్రితం చాంపియన్లు గడ్డం గీసుకోవడాన్ని పండగ చేసుకున్న సీజన్ అది.

ఇప్పుడు నాకు బాగా మండే ఘట్టం. 2013 డ్రాఫ్ట్. డాలస్ చేతిలో 13వ పిక్ ఉంది. కానీ ఈసారి కర్చీఫ్ ఇంకో స్టార్ డ్వైట్ హవర్డ్ కోసం వేశారు. సీటు ఇంకాస్త వెడల్పు కావాలి. వెనక పిక్ అయితే కుర్రాడి జీతం కొంచెం తక్కువ. కాబట్టి 13 నుంచి 16కి జరిగారు. 16 నుంచి మళ్లీ 18కి జరిగి షేన్ లార్కిన్‌ను తీసుకున్నారు. మిల్వాకీ 15లో ఎవరిని తీసుకుందో తెలుసుగా? తర్వాత లీగ్‌లోనే మేటి ప్లేయరైన జానిస్ ఆంటెటకుంపోని. డాలస్ మొదట కూర్చున్న చోటికి రెండు స్థానాల కింద, మొదటిసారి జరిగి కూర్చున్న చోటికి ఒక్క స్థానం పైన. హవర్డ్ పక్క ఊరు హ్యూస్టన్‌కి వెళ్లాడు. కర్చీఫ్ కర్చీఫ్‌లాగే ఉంది.

జానిస్ ఇంతటివాడవుతాడని ఆ రోజు ఎవరికి తెలుసు అంటారా? ఎవరికీ తెలియదు, ఒప్పుకుంటా. తెలిసి ఉంటే 15 దాకా వచ్చేవాడే కాదు. కానీ డాలస్ ఆ పిక్‌ను ఒక ప్లేయర్‌గా చూడనేలేదు, అడ్డంగా ఉన్న లగేజీలా చూసింది. నాకు కోపం అందుకు.

"అందుకే రీబిల్డ్ చేయమన్నాం" అంటుంది రెండో పార్టీ. ఆగండి బాబూ. మీరు చెప్పినట్టే 2011లో డిర్క్‌ను అమ్మేసి, ఓడి, డ్రాఫ్ట్‌కి వెళ్లారనుకుందాం. అప్పట్లో అందరికంటే చెత్త టీమ్‌కి కూడా మొదటి పిక్ వచ్చే అవకాశం 25 శాతమే. 2012లో తగిలితే పెద్ద స్టార్ అయిన ఆంటొనీ డేవిస్. 2013లో తగిలితే ఆంటొనీ బెనెట్! మొదటి పిక్‌గా వెళ్లి నాలుగు సీజన్లలో లీగ్ నుంచే మాయమైన బెనెట్. పేరులో సగం ఒకటే, ఫలితం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఓడిపోవడం మీ చేతిలో ఉంటుంది, ఏ ఏడాది ఏ కుర్రాడు దొరుకుతాడన్నది ఉండదు.

ఇంకో సంగతి. డిర్క్ ఫామ్‌లో ఉన్నంతకాలం ఆ టీమ్ సరిగ్గా ఓడలేదు కూడా. 2013-14లో 35 ఏళ్ల వయసులో దాదాపు 22 పాయింట్ల సగటు. 49 గెలుపులు, ఎనిమిదో సీడ్, ఆ ఏడాది టైటిల్ గెలిచిన సాన్ ఆంటోనియోను మొదటి రౌండ్‌లో ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్లారు. మూడో మ్యాచ్ ఆఖరి క్షణంలో మూల నుంచి విన్స్ కార్టర్ కొట్టిన మూడు పాయింట్ల షాట్ గుర్తుందా? డిర్క్ లాంటి మనిషి ఉండగా ట్యాంకింగ్ (పిక్ కోసం కావాలని ఓడటం) కుదరదు. ఆయన్ని అమ్మాలన్న ఆలోచన డాలస్‌లో ఎవరికీ రాలేదు, రాకూడదు కూడా. నన్ను సెంటిమెంట్ మనిషి అనుకున్నా ఫర్వాలేదు.

2014లో డిర్క్ మార్కెట్‌లో తన ధర కంటే చాలా తక్కువకి, మూడేళ్లకు 2.5 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. సీట్లో ముడుచుకుని కూర్చుని పక్కవాళ్లకు చోటిచ్చాడు. ఆ చోటులోకి చాండ్లర్ పార్సన్స్ వచ్చాడు, మోకాళ్లు సహకరించలేదు. అన్నట్టు, అదే వేసవిలో మన టైసన్ చాండ్లర్‌ను ట్రేడ్‌లో వెనక్కి తెచ్చుకున్నారు, మూడేళ్లు ఆలస్యంగా! ఏడాది తిరిగేసరికి మళ్లీ వదిలేశారు, ఈసారి డిఆండ్రె జోర్డన్‌కి కర్చీఫ్ వేయడానికి. జోర్డన్ సరే అన్నాడు. తర్వాత ఆయన పాత టీమ్ క్లిప్పర్స్ వాళ్లంతా హ్యూస్టన్‌లో ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నారు. తలుపుకి అడ్డంగా కుర్చీ పెట్టినట్టు క్లిప్పర్స్ ప్లేయర్ బ్లేక్ గ్రిఫిన్ ఒక ఫోటో పెట్టాడు. అర్ధరాత్రి దాటాక జోర్డన్ క్లిప్పర్స్‌కే సంతకం చేశాడు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను.

మరి ఎవరు సరిగ్గా చేశారు? బోస్టన్. 2013లో గార్నెట్‌ను, పియర్స్‌ను బ్రూక్లిన్‌కి అమ్మి పిక్కులు తీసుకున్నారు. వాటిలోంచి జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ వచ్చారు, 2024లో టైటిల్. అది అసలైన రీబిల్డ్. కానీ ముసలి ప్లేయర్లకు అంత ధర పెట్టే బ్రూక్లిన్ లాంటి బేరం ప్రతి వేసవిలోనూ దొరకదు. సాన్ ఆంటోనియో ఇంకో దారి. 2011లో మొదటి సీడ్‌గా ఉండి మెంఫిస్ చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడింది. అందరూ ముసలి టీమ్ అన్నారు. డంకన్, జినోబిలి, పార్కర్‌లను కదపలేదు. జార్జ్ హిల్‌ను ఇచ్చి 15వ పిక్ కవాయ్ లెనర్డ్‌ను తెచ్చుకున్నారు. మూడేళ్లలో టైటిల్. డాలస్ చేయాల్సింది ఇదని నా అభిప్రాయం: చాండ్లర్‌ను ఉంచి, పక్కన కుర్రాళ్లను పెంచడం. రెండో టైటిల్ వచ్చేదా? బహుశా రాదు. కిడ్ కాళ్లు, డిర్క్ మోకాలు తెలిసినవే. కానీ ఆ 0-4 అవమానం మాత్రం వచ్చేది కాదనుకుంటా.

డాలస్‌లో రీబిల్డ్ చివరికి దానంతటదే వచ్చింది. 2017-18లో 24 గెలుపులు, 58 ఓటములు. ఓడిపోవడమే మనకు మంచిదని ప్లేయర్లకు చెప్పానని క్యూబన్ ఒక పాడ్‌కాస్ట్‌లో అనేశాడు, లీగ్ 6 లక్షల డాలర్లు జరిమానా వేసింది. ఆ ఓటముల పుణ్యమా అని వచ్చిన ఐదో పిక్‌కి ఇంకో పిక్ కలిపి అట్లాంటాకిచ్చి లూకా డాంచిచ్‌ను తెచ్చుకున్నారు. 2011 తర్వాత డాలస్ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ గెలవడానికి 2022 దాకా పట్టింది, అదీ లూకా ఉన్నాడు కాబట్టి. డిర్క్ అప్పటికి రిటైరై మూడేళ్లు.

2025 ఫిబ్రవరిలో ఆ లూకానే లేకర్స్‌కి పంపేశారు. దాని గురించి ఇప్పుడు మాట్లాడితే వీడియో డబులవుతుంది, నా బీపీ కూడా. మూడు నెలలకి, 39 గెలుపుల టీమ్‌గా, 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ లాటరీ కొట్టి కూపర్ ఫ్లాగ్‌ను తీసుకున్నారు. రీబిల్డ్ పార్టీవాళ్లు దీన్ని ప్లానింగ్ అని మాత్రం అనకండి, ప్లీజ్.